రెండు గంపల జాగా

ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలు సర్దుతుంటే ఒక అర్జీ నకలు కనబడింది. తేదీ 2008 మే. చేతిరాత నాదే. "నాచారం ప్రధాన రహదారి పక్కనున్న మా షాపింగ్ కాంప్లెక్సు ముందరి ఖాళీ స్థలాన్ని కొందరు చిరు వ్యాపారులు అనధికారికంగా ఆక్రమించుకున్నందున కాలనీవాసులకు, ముఖ్యంగా స్త్రీలకు, తీవ్ర అసౌకర్యం కలుగుతున్నది" అని మొదలవుతుంది. కింద 34 సంతకాలు. ఆడపేర్లు రెండు. అందులో ఒకటి నాది.

"ముఖ్యంగా స్త్రీలకు" అన్న మాట నేనే చేర్చాను. నన్నెవరూ అడగలేదు. ఆ మాట పడితే అర్జీకి బలం వస్తుందని నాకు తెలుసు. స్త్రీల సమస్యల మీద అప్పటికి పదిహేనేళ్ళుగా రాస్తూ, మాట్లాడుతూ ఉన్న మనిషిని కదా, ఏ మాట ఎక్కడ పనిచేస్తుందో తెలియకుండా ఉంటుందా!

ఆ "కొందరు చిరు వ్యాపారులు" ఎవరో కూడా నాకు బాగా తెలుసు. పూలమ్మే పెద్దమ్మ, ఆకుకూరలామె, వానాకాలంలో మక్కకంకులు కాల్చే ఆమె, సాయంత్రాలు మిర్చిబజ్జీలు వేసే మొగుడూ పెళ్ళాలు. ఐదుగురిలో నలుగురు ఆడవాళ్ళు. తెలుగులో మనుషుల బహువచనానికి ఆడా మగా తేడా లేదు గనక నా వాక్యం ఆ నలుగురినీ ఏ ఇబ్బందీ లేకుండా మింగేసింది. మింగేసి, ఎదురుగా "స్త్రీలు" అని ఇంకెవరినో నిలబెట్టింది. ఆ స్త్రీలు ఎవరు? ఆలోచిస్తే నేనే.

ఆ కాగితానికి ముందూ వెనకా ఉన్న చరిత్ర రాయాలని అప్పుడే అనిపించింది.

మా కాంప్లెక్సు పేరు రాయను. అలాంటివి హబ్సిగూడ నుంచి మల్లాపూర్ దాకా, రామంతాపూర్ నుంచి బోడుప్పల్ దాకా చాలానే ఉన్నాయి. 1980లలో లేచినవి. కింద వరసగా మడిగెలు, మధ్యలో చీకటి మెట్లు, పైన ట్యూషన్ సెంటరు, పళ్ళ డాక్టరు, బ్లౌజులు కుట్టే దర్జీ. వీటి చరిత్ర ఎవరూ రాయరు. చార్మినార్ బజార్ల మీద పుస్తకాలున్నాయి, మొజంజాహీ మార్కెట్‌ని 2020 నాటికి రాయి రాయి కడిగి మళ్ళీ నిలబెట్టారు. నగరం శివార్లలో షట్టర్లు తుప్పుపట్టిన ఈ రెండంతస్తుల కట్టడాలకు వారసత్వ హోదా లేదు, వయసు మాత్రం మీద పడుతోంది.

ఉప్పల్‌ని పాత రికార్డుల్లో ఉప్పల్ కలాన్ అంటారు. ఫారసీలో కలాన్ అంటే పెద్దది, ఖుర్ద్ అంటే చిన్నది. వరంగల్ తోవలో ఉన్న ఊళ్ళు ఇవి. 1960ల తర్వాత ఒకవైపు ఎన్‌జీఆర్‌ఐ వంటి పరిశోధన సంస్థలు, ఇంకోవైపు ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు వచ్చాయి. 1970లలో నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణ స్టూడియో కట్టించారు. ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. అంటే ఒకే రోడ్డు మీద సైంటిస్టులు, ఫ్యాక్టరీ కార్మికులు, సినిమా జూనియర్ ఆర్టిస్టులు, ఇల్లు కట్టుకున్న బ్యాంకు గుమస్తాలు, వాళ్ళ ఇళ్ళలో అంట్లు తోమే ఆడవాళ్ళు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక ఇదంతా అందులోకి వెళ్ళింది, 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. 2007 ఏప్రిల్ 16న ఉప్పల్ కలాన్, కాప్రా సహా 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాదు కార్పొరేషన్‌తో కలిసి జీహెచ్‌ఎంసీ అయింది. పేర్లు మారినన్ని సార్లు రోడ్డు మారలేదు.

డబ్బున్న ఆడవాళ్ళ పేరు స్థలాల మీద నిలిచిన ఉదాహరణలు ఈ తూర్పు వైపునా ఉన్నాయి. మాకు దగ్గర్లోనే మౌలాలి గుట్ట కింద మహలఖాబాయి చందా (1768-1824) తన తల్లికి కట్టించిన సమాధి, చుట్టూ ఆవరణ ఇప్పటికీ ఉన్నాయి. తనూ అక్కడే సమాధి అయింది. కవయిత్రి, జాగీర్లున్న మనిషి, కట్టించగలిగింది. గంపలతో వచ్చిన ఆడవాళ్ళు ఏం కట్టించగలరు? వాళ్ళు కూర్చుంటారు. కూర్చుని కూర్చుని ఒక చోటును బజారు చేస్తారు. ఆ చేయడానికి శిలాఫలకం ఉండదు.

మా కాంప్లెక్సులో మడిగెలకీ రోడ్డుకీ మధ్య నిబంధన ప్రకారం వదిలిన జాగా ఉంది. మడిగెల ముందు షాబాద్ బండలు పరిచిన అరుగు, మోకాలెత్తు, మూడడుగుల వెడల్పు. పక్కన కానుగ చెట్టు. సాయంత్రం ఐదున్నరకి షిఫ్టు దిగిన ఆడవాళ్ళు, మాత్రలు ప్యాక్ చేసేవాళ్ళు, ప్లాస్టిక్ డబ్బాల కంపెనీల్లో చేసేవాళ్ళు, చెప్పులు విడిచి ఆ అరుగు మీద కూర్చునేవారు. సెవెన్ సీటర్ ఆటో నిండేదాకా అక్కడే తోటకూర కొని, అక్కడే కాడలు తుంచి కవర్లో వేసుకునేవారు. ఇంటికెళ్ళాక ఆ ఒక్క పనన్నా తగ్గుతుందని. చిట్టీ డబ్బులు అక్కడే చేతులు మారేవి. గిరిగిరి అప్పు వసూలు చేసేవాడు అక్కడికే వచ్చేవాడు. ఏ కంపెనీలో మనుషుల్ని తీసుకుంటున్నారో, ఎవరి మొగుడు ఏ రాత్రి ఏం చేశాడో అరుగుకి తెలిసేది. నేను కాలేజీ నుంచి వస్తూ మల్లెపూలు ఒక మూర కొనుక్కుని ఆ గుంపును దాటుకుని వెళ్ళేదాన్ని. దాటుకుని వెళ్ళడం కష్టంగా ఉండేది. నిజం చెప్పాలంటే నా అసౌకర్యం అంతే.

బజారు అన్న మాటతో మన భాష ఆడవాళ్ళను ఎలా కొడుతుందో మనకు తెలియనిది కాదు. బజారు మనిషి, బజారున పడ్డది, బజారుకెక్కింది. వీటికి మగరూపాలు లేవు, ఉన్నా వాటికి ఆ విషం లేదు. శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే ముంబై మీద చేసిన అధ్యయనం 2011లో 'వై లాయిటర్?' అన్న పుస్తకంగా వచ్చింది. ఆడది బయట కనబడాలంటే చేతిలో సంచో, పక్కన బిడ్డో, ఏదో ఒక పని చూపించాలి, ఊరికే నిలబడే హక్కు కావాలని వాళ్ళ వాదన. మా అరుగు మీద ఆడవాళ్ళకి ఆ హక్కు దాదాపుగా ఉండేది. తోటకూర కాడలు వాళ్ళ అనుమతి పత్రం. అమ్మే ఆడవాళ్ళు ఉన్నారు గనకే కొనే ఆడవాళ్ళు కూర్చోగలిగారు. ఈ చిన్న లెక్క అప్పుడు నాకు తట్టలేదు. 1961లోనే జేన్ జేకబ్స్ అమెరికా నగరాల గురించి చెప్పింది కూడా దాదాపు ఇదే, వీధికి భద్రత పోలీసుల కంటే ముందు వీధిని చూస్తూ ఉండే కళ్ళ నుంచి వస్తుందని. నేను ఆ వాదనను తరగతిలో చెప్పాను. మా కానుగ చెట్టు కింద మాత్రం వెతకలేదు.

మరి అర్జీ ఎందుకు పుట్టింది? వ్యాపారం పడిపోయింది గనక. 2004లో పంజగుట్టలో హైదరాబాద్ సెంట్రల్ వచ్చింది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ దేశంలోనే మొదటి దుకాణాలను హైదరాబాదులో తెరిచింది. ఏసీ గదిలో కూరగాయలు కొనడం కొత్త మర్యాద అయింది. మా కాంప్లెక్సు యజమానులు అద్దెలు పడిపోతున్నాయని బెంగపడ్డారు. కాలనీ సంఘం వాళ్ళతో కలిసి "అభివృద్ధి సమావేశం" పెట్టారు. అందరి ఊహలోనూ ఉన్నది మాల్. శుభ్రంగా, నిగనిగలాడుతూ, వాచ్‌మన్ ఉన్న మాల్.

ఆ మాల్‌ని మొదట ఊహించినవాడి కథ వాళ్ళకు తెలిస్తే ఏమనేవారో! విక్టర్ గ్రూయెన్ అని వియన్నా నుంచి 1938లో నాజీల నుంచి తప్పించుకుని అమెరికా చేరిన వాస్తుశిల్పి. కార్లలో తప్ప కాలు కిందపెట్టని అమెరికా శివార్లకు వియన్నా కూడళ్ళ లాంటి చోటు ఇవ్వాలని కలగన్నాడు. 1956లో మినెసోటాలో సౌత్‌డేల్ కట్టాడు. పైకప్పు మూసిన మొదటి మాల్ అదే. దుకాణాలు మాత్రం దేశమంతా కాపీ కొట్టారు, కూడలిని వదిలేశారు, చుట్టూ కార్ల పార్కింగ్ సముద్రం పరిచారు. చివరికి 1978లో ఆయనే ఆ బిడ్డలు నావి కావని బహిరంగంగా చెప్పుకున్నాడు. మేము 2008లో చేసింది దానికి తిరగేసిన పని. కూడలి మాకు ముందే ఉంది, దుకాణాలు బాగుపడాలని దాన్ని తీసేశాం.

సమావేశంలో "ప్రజల భాగస్వామ్యం" అన్న మాట ఎన్నిసార్లు వినబడిందో. ఈ మాట మన రాష్ట్రంలో ఇంత పలుకుబడి సంపాదించింది 1997 జనవరిలో జన్మభూమి మొదలైన తర్వాత. శ్రమదానం, నిధుల్లో ప్రజల వాటా, సభ, తీర్మానం. పట్టణాల్లో అదే ఏడాది డిసెంబరులో స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన కింద ఆడవాళ్ళ పొదుపు సంఘాలు వచ్చాయి. భాగస్వామ్యం అంటే ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని రావడం, మగవాళ్ళు వేదిక మీద కూర్చోవడం అన్న విమర్శ అప్పట్లో మనమే చేశాం. కానీ అంతకంటే లోతైన ప్రశ్న ఒకటుంది. పిలవాలంటే చిరునామా కావాలి. మా సభకు ఇంటి నెంబరు ఉన్నవాళ్ళకు, షట్టర్ నెంబరు ఉన్నవాళ్ళకు కబురు వెళ్ళింది. అరుగుకి నెంబరు లేదు. సభ జరిగింది సరిగ్గా ఆ అరుగుకి పైన, ట్యూషన్ సెంటరు హాల్లో. కిందనుంచి బజ్జీల వాసన వస్తూనే ఉంది. ఎవరైనా నాలుగు మెట్లు దిగి అడిగితే సరిపోయేది. తెలుగు బాగా రాస్తానని అర్జీ రాయడం నాకు అప్పజెప్పారు, నేను పొంగిపోయాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నిజాయితీ కాదు. స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986) నా తరం చాలామందికి కళ్ళు తెరిపించిన పుస్తకం. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, కూర్చుని, విని, వాళ్ళ మాటల్లోనే చరిత్ర తెచ్చారు. ఆ పద్ధతి గురించి నేను పత్రాలు సమర్పించాను. మా ఇంటికి రెండు వందల గజాల దూరంలో ఇరవై ఏళ్ళుగా పూలమ్ముతున్న మనిషిని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు, "మల్లెలెంత?" అని తప్ప.

ఏ ఆఫీసు నుంచీ ఎవరూ రానవసరం లేకపోయింది. జూన్‌లో ఒక పొద్దున యజమానులే కూలీలను పెట్టి అరుగు పగలగొట్టించారు. అడిగినవాళ్ళకు చూపించడానికి అర్జీ జేబులో ఉంది. అరుగు ఉన్నచోట కొనలు తేలిన ఇనుప కంచె, స్కూటర్లకు గళ్ళు గీసిన సిమెంటు నేల. మర్నాడు పెద్దమ్మ గంప కంచెకి ఆనించి నిలబడే పూలమ్మింది. నన్ను చూసి, "గీడ కూసోనియ్యరట మేడమ్. ఎవరో కాయితం పెట్టిండ్రట" అంది. నేను రెండు మూరలు కొన్నాను. అప్పటివరకూ ఎప్పుడూ ఒక మూరే కొనేదాన్ని.

వారంలో అందరూ వెళ్ళిపోయారు.

తర్వాత కాంప్లెక్సు బాగుపడిందా? మొదట స్కూటర్లు నిలిచాయి, తర్వాత ఆ స్కూటర్ల మీద కూర్చునే మగపిల్లలు నిలిచారు. ఐదున్నర షిఫ్టు ఆడవాళ్ళు రోడ్డు అవతల వెలుతురున్న చోట ఆటోల కోసం నిలబడసాగారు. ఫ్యాన్సీ స్టోరు మూతపడింది. ఖాళీ అయిన మడిగెలో మద్యం దుకాణం వచ్చింది, అద్దె ఎక్కువిస్తారు కదా. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం చేసిన రాష్ట్రం మనది. 1995లో వచ్చిన నిషేధం 1997లో పోయింది, ఆ సంగతి వేరే. మా కాంప్లెక్సు వరకూ చూస్తే, నా అర్జీలోని "స్త్రీలకు అసౌకర్యం" అన్న మాట అప్పుడు నిజమైంది. చీకటి పడ్డాక నేను కూడా అటు వెళ్ళడం మానేశాను.

ఈలోగా దేశంలో ఇంకో కథ నడుస్తోంది. అహ్మదాబాద్ మానెక్ చౌక్‌లో కూరగాయలమ్మే ఆడవాళ్ళు తరతరాలుగా కూర్చునే చోటు నుంచి తరిమేస్తుంటే ఇలా భట్ నాయకత్వంలోని సేవ సంస్థ 1980లలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాళ్ళ డిమాండు ఎంత చిన్నదో, ఎంత కచ్చితమైనదో చూడండి: రెండు గంపలు పెట్టుకునేంత జాగా. 1985లో బొంబాయి హాకర్ల కేసులో, 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పులు వచ్చాయి. రెండోదానిలో వీధి వ్యాపారం కూడా తగిన ఆంక్షలకు లోబడి రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛ కిందికి వస్తుందని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అంటే నేను "అనధికారికంగా" అని రాసేనాటికే ఆ మాటకి చట్టం దృష్టిలో అంత బలం లేదు. 19 ఏళ్ళు ఆలస్యంగా రాశాను.

2014 మే 1న వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. దాన్ని నేను చదివింది చాలా తర్వాత, అదీ అవసరం పడి. చదువుతుంటే కొన్ని చోట్ల ఆగిపోయాను. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. తరలింపు సాధ్యమైనంతవరకు మానుకోవాలి. లేపాల్సి వస్తే 30 రోజుల ముందు నోటీసు. సరుకు జప్తు చేస్తే జాబితా ఇవ్వాలి, పాడైపోయే సరుకు అడిగిన రోజే తిరిగివ్వాలి. పూలు, తోటకూర అంటే ఏమిటో తెలిసినవాళ్ళు రాయించిన వాక్యం అది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎప్పటినుంచో కలుస్తున్న చోటుని సహజ మార్కెట్ అంటుంది చట్టం, అలా గుర్తించిన చోట అమ్మకాన్ని నిషేధించడానికి వీల్లేదు. నేను ఖాళీ స్థలం అన్నది దాన్నే. చట్టంలో ఉన్నదంతా వీధిలోకి వచ్చిందని అనను. కానీ భాష మారింది. భాషతో బతికేదాన్ని గనక నాకది చిన్న విషయంగా కనబడలేదు.

అవసరం పడిందన్నాను కదా, అది 2016లో. పైన బ్లౌజులు కుట్టే ఆమె ఒకరోజు కొలతలు తీసుకుంటూ, "మేడమ్, మీరు అర్జీలు మంచిగ రాస్తరట గద. ఇప్పుడు మాకొకటి రాయుండ్రి" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తెలీదు. విషయం మరుగుదొడ్డి. కాంప్లెక్సులో మెట్ల కింద ఒకటుంది, తాళం మద్యం దుకాణం వాళ్ళ దగ్గర. పైన కుట్టుపని చేసే నలుగురూ, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి, ట్యూషన్‌కి వచ్చే ఆడపిల్లలు పొద్దుటి నుంచి రాత్రి దాకా నీళ్ళు తాగకుండా ఉంటారు.

కోజికోడ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మిఠాయి వీధి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు, రోజంతా కూర్చోవడానికి కుర్చీ లేదు. పి. విజి అనే దర్జీ వాళ్ళను కూడగట్టి 2009లో పెణ్‌కూట్టు అన్న సంఘం పెట్టింది. మరుగుదొడ్డితో మొదలైన పోరాటం కూర్చునే హక్కు దాకా వెళ్ళి, 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించేలా చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే దారి పట్టింది. ఈ సంగతి చెబితే మా దర్జీ ఆమె, "ఆమె గూడ కుట్టేదేనా?" అని అడిగి మిషను ఆపింది. మళ్ళీ తనే, "మనం కూసోని చేస్తం గదా మేడమ్, నిలబడెటోళ్ళ బాధ మనకంటె ఎక్కువ తెల్వాలె మనకు" అంది.

రెండో అర్జీ ఒక్కదాన్నే రాయలేదు. మెట్ల మీద కూర్చుని మూడు సాయంత్రాలు రాశాం. ఆకుకూరలామెని, ఆమె కోడలిని వెతికి పిలిపించాం. షిఫ్టు దిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. నేను అలవాటుగా "కాంప్లెక్సు ముందరి ఖాళీ స్థలంలో" అని చదవగానే ఆకుకూరలామె ఆపింది. "ఖాళీ యాడుంది? మేం కూసున్నం గద!" ఆ మాట కొట్టేశాం. ఏం రాయాలి మరి? అందరూ తలా ఒకటి చెప్పారు. చివరికి "మేము కూర్చునే చోట" అని రాశాం. "చిరు వ్యాపారులు" కూడా పోయింది. ఎవరు ఏం అమ్ముతారు, ఎన్నేళ్ళ నుంచి అన్నది వరసగా రాశాం. పాత మున్సిపాలిటీ కాలంలో కట్టిన తైబజారు రసీదులు కొన్ని ఆమె ఒక పాలిథిన్ కవర్లో దాచుకుంది. చరిత్రకారులు ఆధారాలు అంటారే, అవి. నా మొదటి అర్జీ కంటే పాతవి.

ఇదంతా ఆడవాళ్ళ ఐక్యత కథ అనుకుంటే పొరపాటు. మూడో సాయంత్రం పెద్ద గొడవైంది. బజ్జీల పొయ్యి మళ్ళీ రావద్దని మా కాలనీ ఆడవాళ్ళు పట్టుబట్టారు, పొగ, నూనె, జనం. కిరాణా మడిగె నడిపే ఆమె కూరగాయలు తనే పెడదామనుకుంటోంది, ఆకుకూరలామె వస్తే తన బేరం పోతుంది. ఒకావిడ "వాళ్ళు వస్తే పిల్లాజెల్లా అంతా వస్తారు" అంది. ఆ "వాళ్ళు" అన్న మాటలో కులం ఎంత, డబ్బు ఎంత అన్నది విడదీయలేం. దర్జీ ఆమె ఊరుకోలేదు. "మీ బ్లౌజులు కుట్టిన చేతులు గూడ ఆళ్ళయే" అంది. ఇద్దరు సంతకం పెట్టకుండా లేచి వెళ్ళిపోయారు. పొయ్యి సంగతి అర్జీలోకి ఎక్కలేదు, అది నాకు ఇప్పటికీ బాకీగానే ఉంది.

చివరికి వచ్చినవి ఇవి: మరుగుదొడ్డి తాళం దర్జీ ఆమె మిషను పక్కన మేకుకి వేలాడింది. ఒక లైటు. తాగునీటి కొళాయి. కంచె మీది ఇనుప కొనలను ఒక ఆదివారం గ్రైండర్ పెట్టి కోయించారు, నిప్పురవ్వలు చూడడానికి పిల్లలు మూగారు. యజమానుల్లో చిన్నవాడు, కంప్యూటర్ చదువు చదివినవాడు, అరుగు మళ్ళీ కట్టిస్తానన్నాడు. కట్టించాడు కూడా, ఈసారి నున్నటి గ్రానైటుతో. షిఫ్టు ఆడవాళ్ళు ఒక్కొక్కరే రోడ్డు దాటి ఇటు రావడం మొదలుపెట్టారు. ఆకుకూరలామె కోడలు కానుగ చెట్టు కిందకి వచ్చింది. పూల పెద్దమ్మ మాత్రం రాలేదు. ఎక్కడుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఉప్పల్ వైపు పోయిందన్నారు.

ఉప్పల్ చౌరస్తా ఈ కాలంలో ఎన్ని రూపాలు మార్చిందో చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. మెట్రో స్తంభాలు లేచాయి, 2017 నవంబరులో నాగోల్ నుంచి రైలు నడిచింది. యాదగిరిగుట్ట, వరంగల్, హనుమకొండ వైపు వెళ్ళేవాళ్ళంతా మెట్రో దిగి రింగురోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడేవారు. నాలుగు వైపుల నుంచీ వాహనాలు మీదపడుతుంటే పిల్లల చేతులు పట్టుకుని దాటడం ఒక సాహసం. 2023 జూన్‌లో అక్కడ ఆకాశ వంతెన తెరిచారు, దాదాపు 660 మీటర్లు, మెట్లు, లిఫ్టులు, ఎస్కలేటర్లు. అదే ఏడాది డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకి బస్సు ప్రయాణం ఉచితమైంది. ఆ తర్వాత ఆ కూడలిలో కనిపించే ఆడవాళ్ళ సంఖ్య చూస్తే కళ్ళు తిరిగేవి. పని మీద, పని లేక, పుట్టింటికి, గుట్టకి, ఊరికే.

వంతెన మీద నడవడం నాకు ఇష్టమే, మోకాళ్ళు నొప్పి, లిఫ్టు ఉంది. కానీ పైన నడుస్తుంటే ఒక సందేహం వస్తుంది. కింద వాహనాలను ఆపడం కంటే మనుషుల్ని పైకెత్తడం సులువనుకున్నాం కదా. పైకెక్కినవాళ్ళు కొనరు. కొనాలంటే కిందకి దిగాలి.

2024 వేసవిలో అలా దిగినప్పుడే పెద్దమ్మ కనబడింది. వరంగల్ బస్సులు ఆగే వైపు, మెట్ల నీడలో. జుట్టు పూర్తిగా తెల్లబడింది, పక్కన మనవరాలు దండ కడుతోంది. అప్పట్లో జాంబాగ్ నుంచి పూలు తెచ్చేది, ఇప్పుడు గుడిమల్కాపూర్ నుంచి మనవరాలు తెస్తుందట. మెట్రో పనులప్పుడు రెండుసార్లు చోటు మారిందట. నన్ను వెంటనే గుర్తుపట్టింది. ఎండలో నిలబడి ఉంటే తన కింద ఉన్న ప్లాస్టిక్ డబ్బాను జరిపి, "కూసో మేడమ్" అంది. కూర్చున్నాను.

ఆ కాగితం నేనే రాశానని చెప్పాను. పదహారేళ్ళు ఆ వాక్యం ఎలా చెప్పాలా అని అనుకున్నాను, చెప్పడం మాత్రం అర నిమిషంలో అయిపోయింది. ఆమె దండ కట్టే చేయి ఆపలేదు. "నాకెర్కే" అంది. ఎవరు చెప్పారని అడిగితే, "ఎవరు చెప్పాలె? గా దినం నువ్వు రెండు మూరలు తీస్కున్నవ్ గద" అంది.

కాసేపటికి తనే అడిగింది, అరుగు మళ్ళీ కట్టారట కదా అని. కట్టారన్నాను. గ్రానైటు అన్నాను. లైటు, కొళాయి, మరుగుదొడ్డి తాళం సంగతి అంతా చెప్పాను. మనవరాలు అక్కడికి పోదామా అన్నట్టు చూసింది.

"ఎంత ఎడల్పు పెట్టిండ్రు?" అని అడిగింది పెద్దమ్మ.

"అడుగున్నర ఉంటుంది."

ఆమె తన గంప అంచుల మీద రెండు చేతులూ ఆనించి చూసుకుంది.

"గంప పట్టది" అంది.